ఎవరూ పందెం కాయని కోడి: లెనిన్ సెంటర్ పాత పుస్తకాల వరసపై సమీక్ష

విజయవాడ ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటర్ దగ్గరున్న పాత పుస్తకాల దుకాణాలకి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది గైడ్ల కోసం వెళ్తారు. ముందు వరస కూడా వాళ్ళకోసమే సర్ది ఉంటుంది: ఇంటర్ ఫిజిక్స్, ఎంసెట్ బిట్ బ్యాంకులు, గ్రూప్స్ మెటీరియల్, పోయినేడాది కరెంట్ అఫైర్స్. తెలుగు నవల కావాలంటే నడుం వంచాల్సిందే. అవి అడుగు అరలోనో, స్టూలు కిందో, పురికొస కట్టిన కట్టల్లోనో ఉంటాయి. ఈ సమీక్ష ఆ కట్టల గురించి. అందులోనూ ఒకే రకం నవల వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళకి ఈ దుకాణాలు ఎంతవరకు పనికొస్తాయన్నదే ఇక్కడ చూసేది.

ఆ రకం ఏదంటే, కథ మొదలయ్యేనాటికి ఎవరూ పైసా పందెం కాయని మనిషి నడిపే నవల. ఇంగ్లీషువాళ్ళు అండర్‌డాగ్ అంటారు. మన సంక్రాంతి బరుల దగ్గర డేగ కోడి మీదా కాకి కోడి మీదా పై పందేలు జోరుగా నడుస్తుంటే, ఓ మూల ఒకాయన చంకలో పెట్టుకు నిలబడ్డ బక్క కోడి ఉంటుంది చూశారా, అదీ మన నాయకుడు. ఆడైనా మగైనా, ఇక్కడికి బక్కోడనే అనుకుందాం.

ముందు మార్కులు చెప్పేస్తే సరిపోతుంది. సరుకుకి అయిదుకి నాలుగు, పద్ధతికి మూడు. మొత్తం మీద మూడున్నర. పద్ధతికి మార్కులు ఎందుకు తెగ్గోశామో తర్వాత చెప్తాం. సరుకుకి నాలుగు ఇవ్వడానికి కారణం ఒకటే: ఇక్కడ నవలని నిలబడి, మధ్యలో విప్పి, పది నిమిషాలు చదివి చూసుకోవచ్చు. బక్కోడి నవలకి ఇది తప్పనిసరి. ఎందుకంటే ఆ నవలల అట్ట వెనక మాటలన్నీ ఒక్కలాగే ఉంటాయి. అణగారిన బతుకులు, ఆర్తి, ఆక్రందన. అది చదివి కొంటే పదింట ఏడు సార్లు దొరికేది తల్లికి జబ్బు, చెల్లికి పెళ్ళి, నాయకుడికి మంచితనం తప్ప ఇంకేమీ లేని పుస్తకం. చదువుతున్నంతసేపూ జాలేస్తుంది. నెల తిరిగేసరికి వాడి పేరు కూడా గుర్తుండదు.

జాలికి జ్ఞాపకశక్తి లేదు. బక్కోణ్ణి గుర్తుపెట్టించేది లెక్క. వాడికి ఏది లేదు, ఎంత లేదు, అది ఎప్పటిలోగా కావాలి, ఎవరి దగ్గర ఉంది. ఈ నాలుగూ రచయిత కచ్చితంగా చెప్పాడా లేదా అన్నది దుకాణంలోనే తేల్చుకోవచ్చు. మొదటి పేజీ చదవొద్దు. అది ఎవరైనా బాగానే రాస్తారు. పదిహేనో పేజీ నుంచి ముప్ఫయ్యో పేజీ లోపు ఎక్కడైనా విప్పండి. అక్కడ ఒక అంకె గానీ, కొలత గానీ, గడువు గానీ కనపడాలి. "దుర్భర దారిద్ర్యం" అని ఉంటే మూసేయండి. రేపు పొద్దున్నకి మానెడు గింజలు తక్కువయ్యాయనో, ఫీజు కట్టడానికి శనివారం ఆఖరనో ఉంటే ఇంకో రెండు పేజీలు తిప్పండి.

గుంటూరు జిల్లా నేపథ్యంలో వాసిరెడ్డి సీతాదేవి రాసిన మట్టి మనిషి ఈ పరీక్షకి మంచి కొలబద్ద. ఈ కట్టల్లో తరచుగానే తగులుతుంది. సాంబయ్య భూమి మీద మమకారం గురించి రచయిత్రి ఉపన్యాసం ఇవ్వదు. కూలి చేసే చేతులు భూమిని కొద్దికొద్దిగా ఎలా కూడబెట్టాయో చూపిస్తుంది. అలా కూడబెట్టింది మనం లెక్కపెట్టుకున్నాం కాబట్టే, కొడుకు వెంకటపతీ కోడలు వరూధినీ గుంటూరు బస్తీకి మారాక అది కరుగుతుంటే చదివేవాడి కడుపులో తిప్పుతుంది. ఎంత ఉందో చెప్పకుండా పోయిందని చెప్తే అది వార్త అవుతుంది, నష్టం అవదు.

ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి గుంటూరుకి ఇంకా దగ్గరిది. ఆయన జైల్లో ఉండగా రాసిన నవల, 1922 నాటిది, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. దీన్ని చరిత్ర కోసం కొనేవాళ్ళు ఎక్కువ, చదివేవాళ్ళు తక్కువ. కానీ లెక్క సంగతికొస్తే ఇప్పటికీ దీనికి సాటొచ్చేవి తక్కువే. కథ జరిగే మంగళాపురంలో కూలి గింజల్లో కొలవాలా, రొక్కంలో ఇవ్వాలా అన్న తగాదా చూడండి. ధర పెరిగినప్పుడు గింజలిస్తే ఎవరికి లాభం, డబ్బిస్తే ఎవరికి లాభం అన్నది అర్థమైతేనే మాలపల్లి కుర్రాడు సంగదాసు ఎవరితో ఎందుకు పడాల్సివచ్చిందో అర్థమవుతుంది. తీరా చూస్తే ఆ సంగదాసు నవల చివరిదాకా బతకడు. భూస్వామి చౌదరయ్య దెబ్బకి పోతాడు. అయినా ఆ నవలకి రెండో పేరు సంగవిజయం. బక్కోడు గెలవాలన్న నియమం ఏదీ లేదనడానికి వంద ఏళ్ళ కిందటే గుంటూరులో రుజువుంది. ఇంకో ముక్క. చౌదరయ్య కొడుకు రామానాయుడే సంగదాసుకి స్నేహితుడు. ఎదుటి పక్షం ఇల్లు కూడా రెండుగా చీలి ఉంది. విలన్ కుటుంబమంతా ఒకే గొంతుతో మాట్లాడే నవల కనపడితే అది నాసిరకం సరుకని అనుకోవచ్చు.

రెండో పరీక్ష చేతి పని. బక్కోడికి లోకంలో అన్నీ తక్కువే అయినా, ఒక్క పని మాత్రం చుట్టుపక్కల అందరికన్నా బాగా రావాలి. అది పెద్ద విద్య కానక్కర్లేదు. కేశవరెడ్డి అతడు అడవిని జయించాడులో నాయకుడు ఒక ముసలి పందుల కాపరి. పేరు కూడా లేదు. తప్పిపోయిన సూడిపంది కోసం చీకట్లో అడవిలోకి పోతాడు, అంతే కథ. కానీ పంది ఎటు పోతుంది, ఎక్కడ ఈనుతుంది, ఈనిన పంది మనిషిని ఎందుకు దగ్గరికి రానివ్వదు అన్నవి వాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. చదివేవాడికి ఆ అడవిలో వాడే పంతులు. జాలి అక్కడే గౌరవంగా మారుతుంది. చిన్న పుస్తకం కాబట్టి కట్టల్లో పెద్దవాటి మధ్య ఇరుక్కుని ఉంటుంది; వెన్ను సన్నగా ఉన్నవాటిని ఒక్కొక్కటే లాగి చూడాలి.

ఈ పరీక్ష దుకాణంలో చెయ్యడం తేలిక. నాయకుడు పని చేస్తున్న పేజీ ఒకటి పట్టుకోండి. మగ్గమైనా, టైపు మిషనైనా, టీ కొట్టయినా సరే. ఆ పని మీకు తెలియని మాట ఒక్కటైనా నేర్పాలి. "అతను కష్టపడి పనిచేశాడు" అని తేలిపోతే రచయితకే ఆ పని తెలియదన్నమాట.

మూడోది కొంచెం ఇబ్బందైన పరీక్ష. మన పాఠకుల్లో చాలామంది దీని దగ్గరే నవలని తప్పుగా తోసేస్తారు. బక్కోడి మొదటి ఓటమిలో కొంతైనా వాడి తప్పు ఉండాలి. అంతా లోకం చేసిందే అయితే వాడు దెబ్బలు తినే దిండు అవుతాడు. రాచకొండ విశ్వనాథశాస్త్రి అల్పజీవి తీసుకోండి. సుబ్బయ్య గుమాస్తా. భయస్తుడు. ఇంట్లో భార్య సావిత్రికి లోకువ, బావమరిదికి లోకువ, ఆఫీసులో అందరికీ లోకువ. గవరయ్య అనే కాంట్రాక్టరు దగ్గర తెచ్చిన అప్పు మెడకి చుట్టుకుంటుంది. ఇక్కడ రచయిత చేసిన పని గమనించండి. సుబ్బయ్యని మంచివాడని మనచేత అనిపించడానికి ఎక్కడా ప్రయత్నించడు. అతని పిరికితనానికి బయటి కారణం ఒకటి చూపిస్తాడు, లోపలి కారణం ఇంకోటి చూపిస్తాడు, రెండూ ఒకదాన్నొకటి ఎలా మేపుకుంటున్నాయో వదలకుండా చెప్తాడు. మనోరమ అనే ఆవిడ దగ్గర అతను కాసేపు నిటారుగా నిలబడతాడు. ఆ కాసేపు కూడా పూర్తిగా శుభ్రమైనది కాదు. ఈ నవలని పదేళ్ళ తర్వాత అడిగినా సుబ్బయ్య ఎలా నిలబడతాడో, ఎలా కూర్చుంటాడో చదివినవాళ్ళు చెప్పగలరు. ముఖం మీద ఒక్క వర్ణన గుర్తులేకపోయినా చెప్పగలరు.

గోపీచంద్ అసమర్థుని జీవయాత్రలో సీతారామారావుది దీనికి ఎదురు దారి. అతను పుట్టుకతో బక్కోడు కాడు; ఉన్నవాడే. వంశం పేరు, పెద్దరికం అనుకుంటూ ఉన్నదంతా కరిగించుకుని, ఆఖరికి శ్మశానంలో తేలతాడు. ఇతన్ని అండర్‌డాగ్ అనొచ్చా అని వాదించేవాళ్ళున్నారు. అనొచ్చు. ఇతనికి ఎదురు నిలబడ్డ పెద్ద కోడి అతని బుర్రలోనే ఉంది, అంతే తేడా. అయితే నవలల మీద కొత్తగా మోజు పడ్డవాళ్ళకి దీన్ని మొదటి పుస్తకంగా ఇవ్వకండి. సగంలో మూసేసి మళ్ళీ లెనిన్ సెంటర్‌కే అమ్మేస్తారు. కట్టల్లో దీని కాపీలు కొత్తగా మెరుస్తూ దొరకడానికి అదీ ఒక కారణం అయ్యుండొచ్చు.

నవ్వు సంగతి ఒకటుంది. మొక్కపాటి నరసింహశాస్త్రి బారిష్టరు పార్వతీశంలో మొగల్తూరు కుర్రాడు ఇంగ్లండు బయల్దేరి దారిపొడుగునా అభాసుపాలవుతాడు. ఆడవాళ్ళ టోపీ కొనుక్కుని నెత్తిన పెట్టుకు తిరగడం తెలుగునాట సామెతలా అయిపోయింది. అయినా అతని మీద చిన్నచూపు కలగదు. కారణం కథ చెప్పేది అతనే కావడం. తన పరువు తనే తీసుకునేవాణ్ణి ఇంకొకరు చులకన చెయ్యలేరు. ఇదే కథని రచయిత బయట నిలబడి "అతగాడు" అంటూ చెప్పి ఉంటే పల్లెటూరివాణ్ణి ఎగతాళి చేసినట్టుండేది. హాస్య నవల కొనేముందు ఇది చూసుకోండి: నవ్వు బక్కోడి నోటి నుంచి వస్తోందా, వాడి నెత్తిన పడుతోందా?

సీరియల్ బైండ్లు

ఈ వరసలో అసలు నిధి అచ్చు పుస్తకాలు కావు. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్ళని ఇళ్ళల్లో చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, ఖాకీ అట్ట వేసి, పైన ఇంకు పెన్నుతో పేరు రాసుకున్న బైండ్లు. వెనకటి తరం ఇళ్ళు ఖాళీ చేసినప్పుడు ఇవి కిలోల లెక్కన ఇక్కడికి చేరతాయి. అచ్చు నవలగా ఎప్పుడూ రానివి కూడా వీటిలో దొరుకుతాయి. బొమ్మలు ఉంటాయి. వెనక పేజీలో కొబ్బరినూనె ప్రకటనలు ఉంటాయి. వాటికీ ఓ విలువుంది, కాదనలేం.

బక్కోడి కథ ఎలా కడతారో నేర్చుకోవాలన్నవాళ్ళకి ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం లేదు. సీరియల్ రచయితకి ప్రతివారం ఆఖరి పేరాలో నాయకుణ్ణి గోడకి నొక్కి ఆపాల్సిన అవసరం ఉంటుంది. టైపిస్టు అమ్మాయి, కారున్న యజమాని. పేద మేనల్లుడు, డబ్బున్న మేనమామ. వారం వారం చదివినప్పుడు తెలియదు గానీ, నలభై వారాలు ఒకేచోట కుట్టి ఉంటే బండారం బయటపడుతుంది. బైండు తీసుకుని ఏవైనా నాలుగు వారాల ఆఖరి పేరాలు చదవండి. ప్రతి వారం బక్కోడు ఏం పోగొట్టుకున్నాడో వేళ్ళ మీద లెక్కెయ్యండి. ఒక వారం డబ్బు, ఇంకో వారం ఉద్యోగం, మరో వారం నమ్మిన స్నేహితుడు, ఆ తర్వాత తన మీద తనకున్న నమ్మకం. ఇలా పోయేది మారుతూ, లోతుకి దిగుతూ ఉంటే అది చెయ్యి తిరిగిన రచయిత పని. నాలుగు వారాలూ అదే అవమానం, అదే మెట్ల మీద, అదే అత్తగారి నోటి నుంచి వస్తుంటే అది నలభై చెంపదెబ్బల పుస్తకం. మూడో దెబ్బకే పాఠకుడి చెంప మొద్దుబారిపోతుంది.

ఈ బైండ్లలో తరచుగా వచ్చే లోపం మధ్యలో ఓ వారం లేకపోవడం. ఆ వారం పత్రిక పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళి ఇవ్వలేదన్నమాట. ప్రతి భాగం మీదా వారం సంఖ్య వేసి ఉంటే అవి వరసగా చూసుకోండి. సంఖ్య లేకపోతే మొదట్లో "జరిగిన కథ" అని చిన్న అక్షరాల్లో ఉండే ముక్క ఆదుకుంటుంది. ఒక వారం పోతే దానితో నెట్టుకురావచ్చు. వరసగా రెండు పోతే వదిలెయ్యండి. రెండో లోపం కుట్టు. పత్రిక పేజీకి లోపలి అంచు తక్కువ. ఇంట్లో కుట్టినప్పుడు దారం అక్షరాల మీదుగా పోతుంది. పూర్తిగా విప్పితేనే చదవగలం, విప్పితే తెగుతుంది. కొన్నాక దారం కోసి, విడి పేజీలుగా ఫైలులో పెట్టుకోవడమే నయం.

అద్దె లైబ్రరీల ముద్రలున్న నవలలు కూడా గుట్టలుగా ఉంటాయి. వీటికి మందపాటి అట్ట, పక్క కుట్టు, వెనక తేదీల చీటీ. చూడ్డానికి నలిగిపోయి ఉన్నా వీటికో ప్రయోజనం ఉంది. పుస్తకాన్ని వెన్ను మీద నిలబెట్టి రెండు చేతులూ వదిలెయ్యండి. నలుగురూ ఎక్కువసార్లు విప్పిన చోట అది తనంతట తనే తెరుచుకుంటుంది. బక్కోడి నవలలు చాలామటుకు గెలుపు దగ్గర తెరుచుకోవు. చిన్న చోట తెరుచుకుంటాయి: చెప్పులు బయట వదలమన్నచోట, అప్పడిగి నోరు పెగలక తిరిగొచ్చినచోట, ఎవరో ఒకరు మొదటిసారి "మీరు" అన్నచోట. కింది మూలలు నల్లబడ్డ పేజీలు కూడా అవే అయ్యుంటాయి. నవల ఎలా ఉందో వందమంది సంతకం పెట్టి చెప్పినట్టు.

ఫారాలు లెక్కపెట్టాలి

ఇప్పుడు పద్ధతికి మార్కులు ఎందుకు తగ్గాయో చూద్దాం. ఇక్కడ అమ్మేవాళ్ళు పేజీలు సరిచూడరు, బిల్లివ్వరు, లోపముందని తెస్తే వెనక్కి తీసుకోరు. తప్పు పట్టాల్సిందేమీ లేదు, పాత సరుకు వ్యాపారమే అంత. కాబట్టి సరిచూసుకోవడం కొనేవాడి పని.

తెలుగు నవలలు మామూలుగా పదహారు పేజీల ఫారాలుగా అచ్చయి, మడిచి, కలిపి కుట్టినవి. పోతే ఒక పేజీ పోదు, ఫారం మొత్తం పోతుంది. లేదా ఒకే ఫారం రెండుసార్లు పడుతుంది. అందుకని ప్రతి పేజీ తిప్పనక్కర్లేదు. 16, 17. 32, 33. 48, 49. 64, 65. ఇలా పదహారుల ఎక్కం చదువుతూ ఆ అతుకుల దగ్గర మాత్రం చూస్తే రెండు నిమిషాల్లో మూడువందల పేజీల పుస్తకం అయిపోతుంది. ముందుమాటకి వేరే అంకెలు వేసి ఉంటే వాటిని వదిలి కథ మొదలైన దగ్గర్నుంచి లెక్కెయ్యండి. ఫారం మొదటి పేజీ అడుగున ఎడంపక్క చిన్న అంకె కొన్ని పుస్తకాల్లో ఉంటుంది, అది ఫారం సంఖ్య. అదీ వరసగా ఉండాలి.

ప్రేమ నవలలో పదహారు పేజీలు పోతే పెద్దగా కొంప మునగదు. ఓ పాట, ఓ అలక పోయుంటాయి. బక్కోడి నవలలో పోతే నడుమే విరిగిపోతుంది. వాడు దిగే ప్రతి మెట్టూ ముందు మెట్టు మీద ఆనుకుని ఉంటుంది. ఒక మెట్టు లేకపోతే తర్వాత వాడు చేసే పని తిక్కగా, కారణం లేనట్టుగా కనపడుతుంది. "మధ్యలో రచయిత తేలిపోయాడు" అని కొన్ని నవలల మీద పడ్డ నిందలకి బైండింగువాడే బాధ్యుడై ఉండొచ్చు.

ఆఖరి ఫారం ప్రత్యేకంగా చూడాలి. పాత పుస్తకాల్లో ముందు ఊడేది అదే. చివరి పేజీ ఉంటే చాలదు. గెలుపో ఓటమో తేలే ఘట్టం దానికి పది పన్నెండు పేజీల ముందు ఉంటుంది. ఆ పేజీలు చదివితే కథ తెలిసిపోతుందన్న బెంగ వద్దు. అక్కడ చూడాల్సింది ఒక్కటే: గెలిచినందుకు బక్కోడు ఏం చెల్లించాడు? లాటరీ తగలడం, దూరపు బంధువు ఆస్తి రాసివ్వడం, విలన్‌కి హఠాత్తుగా బుద్ధి రావడం కనపడితే ముందు మూడువందల పేజీలు ఎంత బాగున్నా ఆ నవల గుర్తుండదు. అప్పటిదాకా కష్టపడి రాసిన లెక్క మీద రచయితే తడిగుడ్డ పెట్టి తుడిచేసినట్టు అవుతుంది.

కాగితం సంగతి క్లుప్తంగా. న్యూస్‌ప్రింట్ మీద వేసిన పాకెట్ సైజు నవలలు పసుపుపచ్చగా మారి ఉంటాయి. పేజీ మూల మెల్లగా మడిచి చూడండి, పెళుసుగా విరిగితే ఒక్క చదువుకి మించి రాదు. పక్క పిన్నులు తుప్పుపట్టి ఉంటే ఆ మరక అక్షరాల్లోకి పాకుతుంది. జిగురు బైండింగు అయితే మధ్యలో విప్పినప్పుడు టప్‌మని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు వచ్చినచోటే రేపు రెండు ముక్కలవుతుంది. సన్నటి గుండ్రటి రంధ్రాలూ, కుదిపితే రాలే మెత్తటి పొడీ ఉంటే పురుగు ఇంకా లోపల ఉన్నట్టే, తీసుకోవద్దు. వచ్చిన పాత పుస్తకాన్ని వెంటనే అలమరలో పెట్టకుండా ఓ పదిహేను రోజులు విడిగా కవరులో కట్టి ఉంచి, పొడి రాలుతోందేమో చూసి అప్పుడు లోపలికి పంపండి. జిరాక్సు తీసి బైండు చేసినవి కూడా తగులుతుంటాయి. అక్షరాల అంచులు బూడిదరంగులో, బొమ్మలు నల్లటి మచ్చల్లా ఉంటే అదే. అచ్చు పుస్తకం ధర ఇవ్వకండి.

ధర

దుకాణాయన ధర చెప్పేది రచయితని చూసి కాదు, మందం చూసి. ఇది మనకి కలిసొచ్చే విషయం. బక్కోడి మంచి నవలలు కొన్ని బక్కగానే ఉంటాయి. ఈమధ్య అచ్చులైతే వేసిన ధరలో సగం దగ్గర బేరం మొదలుపెట్టడం మర్యాద. వెనకటి అచ్చుల మీద పన్నెండు రూపాయలనో, పద్దెనిమిదనో ఉంటే దాన్ని చూపించి వాదించకండి. ఆ అంకెకి ఇప్పుడు అర్థం లేదు, పైగా ఆయన కోప్పడతాడు. కావలసిన ఒక్కటీ చేత్తో పట్టుకుని "ఎంత?" అంటే ముఖం చూసి చెప్తాడు. నాలుగు కలిపి కట్టగా అడిగితే తగ్గుతుంది. చదివి తెచ్చిస్తే సగం వెనక్కి ఇస్తామనేవాళ్ళు ఉన్నారు. ఒప్పుకుంటే ఆ మాట, ఆ అంకె పుస్తకం లోపలి పేజీ మీద పెన్సిల్‌తో ఆయనచేతే రాయించుకోండి. మాట మీద వదిలేస్తే వచ్చేసరికి దుకాణంలో ఇంకో మనిషి ఉంటాడు.

పాత కాపీకి ఎక్కువ పెట్టేముందు అదే ఏలూరు రోడ్డులో కొత్త పుస్తకాల దుకాణాల్లో ఆ నవల ఇప్పుడు అచ్చులో ఉందేమో అడగండి. పైన చెప్పిన పేర్లలో చాలావాటికి కొత్త అచ్చులు వచ్చాయి. జనవరిలో పుస్తక మహోత్సవం జరిగే రోజుల్లో అయితే మామూలుగా పది శాతం తగ్గింపు ఉంటుంది, అప్పుడు పాతదాని మీద పోసే డబ్బు దండగ. పుస్తకం చేతికి రాకముందే పూర్తి పాఠం చూసుకోవాలంటే విజయవాడలో 1911 నాటి రామమోహన గ్రంథాలయం ఉంది. గుంటూరువాళ్ళకి బృందావన గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం ఉంది. అక్కడి కాపీతో పేజీల సంఖ్య పోల్చుకుని వస్తే లెనిన్ సెంటర్‌లో మోసపోయే అవకాశం ఉండదు.

వెళ్ళే వేళ ముఖ్యం. జూన్, జూలైల్లో వెళ్ళకండి. కాలేజీలు తెరిచే రోజులు. నవల అడిగితే వినిపించుకునే ఓపిక ఎవరికీ ఉండదు, కట్టలన్నీ గైడ్ల వెనక పాతుకుపోయి ఉంటాయి. వానరోజు టార్పాలిన్ కప్పేస్తారు. మిగతా నెలల్లో మధ్యాహ్నం మూడు నుంచి అయిదు లోపు నయం, బేరాలు పలచగా ఉంటాయి, నిలబడి చదివినా ఏమీ అనరు. రైల్వే స్టేషన్ నుంచి అలంకార్ సెంటర్ మీదుగా నడిచి వెళ్ళిపోవచ్చు. బండి పెట్టుకోవడానికి చోటు దొరకడం కష్టం కాబట్టి నడకే మంచిది. తిరిగొచ్చేటప్పుడు బరువుంటుంది, గుడ్డ సంచీ పట్టుకెళ్ళండి. వాళ్ళిచ్చే పల్చటి కవరు ఆటో ఎక్కేలోపు తెగుతుంది.

ఈ వరస మీద ఉన్న పెద్ద ఫిర్యాదు సెట్లు చెడిపోవడం. రెండు మూడు భాగాల నవలలు ఒకచోటికి కలిసి రావు. వచ్చినా విడివిడిగా అమ్ముతారు. "ఇది మొత్తం నవలేనండీ" అని చేతిలో పెడతారు, ఇంటికొచ్చి చూస్తే అది ఒక భాగమే. మాలపల్లి అడిగేటప్పుడు సంపూర్ణమా, ఒక భాగమా అన్నది అట్ట మీద కాదు, లోపలి పేజీలో చూడండి. బారిష్టరు పార్వతీశం మూడు భాగాలు. మొదటి భాగం ఒక్కటే దొరికినా కళ్ళకద్దుకుని తీసుకోవచ్చు. మొగల్తూరు కుర్రాడి అమాయకత్వమంతా ఆ ప్రయాణంలోనే ఉంది. రెండోది మొదటిది చదివినవాళ్ళకి. మూడో భాగం నాటికి పార్వతీశం నలుగురూ పందెం కాసే మనిషి అయిపోయాడు. అదొక్కటే చేతికొస్తే తిరిగి కట్టలో పెట్టేయండి. పురికొస మాత్రం మళ్ళీ ముడెయ్యడం మర్చిపోకండి, దుకాణాయన స్టూలు మీంచి చూస్తూనే ఉంటాడు.